మామగారి బుగ్గలో అతిమధురం

పోయిన వారం మా డాక్టరమ్మ ఒకసారి ఈసీజీ తీయించుకు రమ్మంటే, పాత బస్టాండు పక్కన కొత్తగా వెలసిన పరీక్షల కేంద్రానికి వెళ్ళాను. అక్కడ బల్ల మీద పడుకోగానే, ఎవరూ అడక్కుండానే, నోరు పెద్దగా తెరిచి, నాలుక పైకెత్తి, పక్కన నిలబడ్డ అమ్మాయికి చూపించాను. ఆ పిల్ల ఒక క్షణం బిత్తరపోయి, పంటి డాక్టరు మేడ మీద ఉంటారు పాటీ అని, నన్ను అవ్వను చేసి, తమిళంలో మర్యాదగా చెప్పింది. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. నా ఉద్యోగకాలమంతా ఈసీజీ తీయడంలోనే గడిచింది, ఆ పరీక్షకూ నోటికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలియక కాదు. మా మామగారు పాతికేళ్ళకు పైగా నాకు చేసి చూపించిన పని అది, ఆ బల్ల మీద నేను పడుకునే వంతు వచ్చేసరికి నా ఒళ్ళు దానంతట అదే చేసేసింది.

ఆటోలో ఇంటికి వచ్చేదాకా, వచ్చి కాఫీ పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాక కూడా, ఆయనే కళ్ళ ముందు మెదిలారు. నా ఈడువాళ్ళు చదివితే మీ ఇళ్ళలోనూ అలాంటి పెద్దాయన ఒకరుండేవారని గుర్తుకు రావచ్చుననిపించి ఇది రాస్తున్నాను.

మాది రాజపాళయం. తమిళనాట పడమటి కొండల కింద ఉన్న ఊరు, కానీ మా వీధుల్లో ఇంటి మాట తెలుగే. ఎన్ని తరాల కిందట తెచ్చుకున్న తెలుగో, వాడి వాడి అంచులు అరిగి, సగం తమిళం కలిసిపోయి ఉంటుంది. ఒకసారి తిరుపతిలో పూలు కొంటూ మా అత్తగారు బేరమాడుతుంటే, ఆ పూలమ్మి ఇదేం భాషమ్మా, వింటుంటే తెలుగులాగే ఉందే అని అడిగింది. అత్తగారు దానికి ఊరు చేరేదాకా ఉడుక్కుంటూనే ఉన్నారు.

నేను పెళ్ళికి ముందు మదురైలో ఈసీజీ తీసే చదువు చదివాను. అప్పట్లో మా వీధుల్లో ఆడపిల్ల టీచరు పనికి వెళ్తే సరే, బ్యాంకుకు వెళ్తే ఇంకా గొప్ప, కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఒంటి మీద చెయ్యి వేసే పని అంటే మొహాలు చిట్లించేవారు. పెళ్ళయి వచ్చాక ఇంక ఆ పని చాలించమని అత్తగారు తేల్చి చెప్పేశారు, మా ఆయన మిల్లుకు పోయి వచ్చే మనిషి, అమ్మ మాటకు ఎదురు చెప్పే రకం కాదు. అప్పుడు మామగారు, నాతో కాదు, అత్తగారితోనే అన్నారట, మన వీధుల్లో ఆడవాళ్ళు మగవాడి ముందు రవిక తీయలేక గుండె నొప్పిని నడుంనొప్పి అని చెప్పి మంచం పట్టి పోతున్నారు, ఈ అమ్మాయి ఆ గదిలో ఉంటే ఇద్దరైనా ధైర్యంగా వస్తారు, పోనియ్యి అని. ఆ ఒక్క మాటతో నేను వారం తిరక్కుండా ఊళ్ళోని ఒక నర్సింగ్ హోములో చేరాను. ఇవాళ నా చేతిలో పెన్షను కాగితం ఉందన్నా, నలుగురిలో నాకొక పని తెలిసిన మనిషినన్న పేరుందన్నా అది ఆయన పెట్టిన భిక్ష.

పోనిమ్మన్నారే గాని ఆయనా నేనూ ముఖాముఖి మాట్లాడుకున్నది ఎన్నడూ లేదు. మా ఇళ్ళలో పద్ధతి అది. ఆయన లోపలికి వస్తూ గుమ్మం దగ్గర దగ్గేవారు, నేను పక్కకు తప్పుకునేదాన్ని. నేను ఎదురుగా ఉన్నా సరే, అమ్మాయిని కాఫీ తెమ్మను అని అత్తగారితోనే అనేవారు, అత్తగారు మళ్ళీ ఆ మాట నాకు చెప్పేవారు, ఆ తరవాతే నేను కదిలేదాన్ని. ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతారు, నవ్వాల్సిన సంగతే. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉండి ఆయన మొహం నేను సరిగా చూసి ఎరగను, పాదాలు మాత్రం ఎక్కడున్నా గుర్తుపడతాను.

నర్సింగ్ హోము డాక్టరుగారు తూత్తుకుడి వైపు మనిషి, తమిళుడు. మాటలు తక్కువ, గీతల మీద ప్రేమ ఎక్కువ. మా మిషను ఎంత పాతదంటే, ఒక్కొక్క గీతను విడివిడిగా సన్నటి రిబ్బనులాంటి కాగితం మీద గీసేది. చేతులకూ కాళ్ళకూ బట్టలు ఆరేసే క్లిప్పుల్లాంటివి తగిలించి, ఛాతీ మీద జెల్లీ రాసి రబ్బరు బుడ్డీలు నొక్కి అంటించాలి, తీసేశాక ఒంటి మీద గుండ్రంగా ఎర్రటి మచ్చలు ఉండిపోయేవి. ఆ కాగితాలు కత్తిరించి అట్ట మీద వరుసగా అంటించి ఇస్తే, డాక్టరుగారు బడిరోజుల నాటి జామెట్రీ పెట్టెలోంచి డివైడరు తీసి, కళ్ళజోడు పైకి నెట్టి, గడులు కొలుస్తూ కూర్చునేవారు. ఖాళీ ఉన్నప్పుడు నన్ను పిలిచి చూపించేవారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కోసుగా నిలువు గీత ఒకటి లేస్తుంది, దాని వెనక మెత్తగా ఒక గుట్ట వస్తుంది. నిలువు గీత గుండె పిండుకునే సమయం, గుట్ట అది మళ్ళీ సర్దుకునే సమయం. ఒకసారి దెబ్బతిన్న గుండెలో ఆ నిలువు గీత వెడల్పయిందా, మొండి కత్తితో కోసినట్టు దాని మీద గాట్లు పడ్డాయా చూడాలి. అంతకంటే ముఖ్యంగా గీత మొదలైన చోటునుంచి గుట్ట దిగిన చోటుదాకా ఎంత దూరమో కొలవాలి, ఆ దూరం సాగిపోయిందంటే గుండె సర్దుకోలేక అవస్థ పడుతోందని అర్థం. సర్దుకోకముందే, గుట్ట భుజం మీద వేళ కాని వేళ ఇంకో దెబ్బ వచ్చి పడితే, గుండె లయ తప్పి వణికిపోతుంది, మనిషి నిలబడ్డ చోటే కూలిపోతాడు. డాక్టరుగారు ఇదంతా పిల్లలకు కథ చెప్పినంత నెమ్మదిగా చెప్పేవారు. పెద్ద ఊళ్ళో పెద్ద ఆస్పత్రిలో చేరి ఉంటే నాలాంటిదానికి అంత ఓపికగా ఎవరు చెప్పేవారు!

ఇక మామగారి సంగతి. కొండ కింద ఆయనకు మామిడితోట ఉండేది, కానీ ఊరికి ఆయన తోట యజమానిగా తెలియదు, భజన పెద్దగానే తెలుసు. మార్గళి నెల, అదే ధనుర్మాసం, వచ్చిందంటే తెల్లవారుజామున మా చావడి దగ్గర జనం చేరి, జాలరలనే చేతి తాళాలు మోగించుకుంటూ, వీధి వీధి తిరిగి తెలుగు పాటలు పాడేవారు. ముందు ఒక చరణం మామగారు ఎత్తుకుంటే వెనక అందరూ అందుకునేవారు. చలికి ముడుచుకుని పడుకున్న పిల్లలు కూడా ఆ గొంతు వినగానే లేచి గుమ్మాల్లోకి వచ్చేవారు. ఆ పాటలు ఆయన దగ్గర తమిళ అక్షరాల్లో రాసి ఉండేవి, తాతల నాటినుంచీ అంతే. ఆయనకు మాత్రం తెలుగు అక్షరాలు వచ్చు, ఎవరో ముసలి బంధువు చిన్నప్పుడు నేర్పించారట.

ఒక ఏడు ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, తోటలో నీళ్ళు కట్టిస్తూ ఆయన ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయారు. డాక్టరుగారి చలవవల్ల గండం గడిచింది. గుండెలో ఒక భాగం మాత్రం శాశ్వతంగా దెబ్బతిన్నది, నిలువు గీత మీద గాట్లు పడ్డాయి. కాళ్ళు వాయకుండా నీరు తీసే మాత్రలూ ఇంకా ఏవేవో మందులూ ఇచ్చి, నెలకొకసారి ఈసీజీ తీయించమన్నారు. నేను అక్కడే పని చేస్తున్నా ఆయనది మాత్రం నేను తీయలేదు. కోడలు మామగారి ఛాతీ మీద చెయ్యి వేయడమన్న ఊహే మాకెవరికీ రాలేదు. మగవాళ్ళకు తీసే అన్న ఒకరుండేవారు, ఆయనే తీసేవారు. నేను పక్కగదిలో అట్టలకు జిగురు రాస్తూ, మిషను చేసే సన్నటి గరగర వింటూ, ఎన్నిసార్లు దేవుణ్ణి తలుచుకున్నానో చెప్పలేను.

దీపావళి వచ్చే ఐప్పసి నెల దాకా అంతా బాగానే ఉంది. కార్తీకం పోయి మార్గళి వచ్చేసరికి ఆ కాగితాలు మారిపోయాయి, ఇక వారానికొకసారి తీయమన్నారు. నిలువు గీత వెనక ఉండవలసిన గుట్ట చదునైపోయింది, దాని వెనక ఉండకూడని పిల్లగుట్ట ఒకటి లేచింది, డివైడరు కాళ్ళు వారం వారం ఎడమవుతున్నాయి, మధ్య మధ్య వేళ తప్పిన దెబ్బలు కనిపిస్తున్నాయి. రక్తంలో పొటాషియం అనే ఉప్పు పడిపోయిందని పరీక్షలో తేలింది. సరేనని దానికి టానిక్కు ఇచ్చారు, మామగారు మొహం వికారంగా పెట్టుకుని మింగేవారు, అయినా అది పెరగదు. నీరు తీసే మాత్ర తగ్గిస్తే కాళ్ళు వాస్తాయి, బీపీ లేస్తుంది. పెంచితే పొటాషియం ఇంకా జారిపోతుంది. ఎటు లాగినా ఇంకోవైపు చినిగే పాతచీరలా తయారైంది ఆయన ఆరోగ్యం.

డాక్టరుగారు అత్తగారిని పిలిపించి, పొద్దున లేచినది మొదలు ఆయన నోట్లోకి ఏమేం పోతుందో చెప్పమన్నారు. అత్తగారికి తన వంటింటి మీద అనుమానం వచ్చిందని కోపం. ఉప్పు లేని అన్నం, ఆవిరి ఇడ్లీ, మజ్జిగ, పళ్ళు అని వేళ్ళు మడిచి చెప్పి, నాట్టుమందు ఏమైనా వాడుతున్నారా అంటే, వాకిట్లోకే రానివ్వలేదని గట్టిగా చెప్పారు. ఆవిడ అబద్ధం ఆడలేదు, ఇంట్లో ఎవర్ని అడిగినా అదే చెప్పేవాళ్ళం. డాక్టరుగారు చాలాసేపు డివైడరు చేత్తో తిప్పుతూ కూర్చుని, ఆ మంచులో గొంతెత్తి పాడడమే ఆయన గుండె ఓర్చుకోలేకపోతోందేమో, పాట ఆపించండి, ఈ నెల దాటేలోగా తగ్గకపోతే మదురైలో చేర్చాలి, ఆలస్యమైతే ఎప్పుడేమైనా కావచ్చునని నాతో అన్నారు. ఆయన నాతో ఏదీ దాచేవారు కాదు. ఆ మాట ఇంటికి మోసుకుపోయి చెప్పవలసింది నేనే.

ప్రాణం పోవచ్చునన్నదానికి మామగారు చలించలేదు. పాట ఆపమన్నారనగానే ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. మరునాటినుంచి భజన బయల్దేరే వేళకు లేచి, స్నానం చేసి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. గోష్ఠి మా ఇంటి ముందుకు రాగానే పాట కాసేపు తడబడేది, పెద్దాయన పాడకుండా కూర్చుంటే తాము ఎలా పాడాలో వాళ్ళకు తెలిసేది కాదు. ఆయన తొడ మీద వేళ్ళతో తాళం వేస్తూ, పెదవులు బిగించి వినేవారు. వంటింటి కిటికీలోంచి అది చూసి నేను కన్నీళ్ళు పెట్టుకునేదాన్ని. ఆయన్ని బతికించుకోవాలి, కానీ ఈ విధంగానా అనిపించేది.

ఆ వారంలోనే ఒకరోజు ఈసీజీకి తీసుకువెళ్తే, మగవాళ్ళకు తీసే అన్న సత్రపట్టిలో దగ్గరివాళ్ళ పెళ్ళికని సెలవు పెట్టారు. డాక్టరుగారు ఇంకో రోజు ఆగడానికి వీల్లేదు, నువ్వే తియ్యి అన్నారు. నేను గది గుమ్మంలో నిలబడిపోయాను. అత్తగారు మొహం పక్కకు తిప్పుకున్నారు. మామగారు చొక్కా తీసి మడిచి కుర్చీ మీద పెట్టి, బల్ల మీద పడుకుని, కప్పు వైపు చూస్తూ, పెళ్ళయి వచ్చాక మొదటిసారి నాతో నేరుగా మాట్లాడారు.

"ఆస్పత్రిలో నువ్వు కోడలు కాదు అమ్మా. వెరువకుండా నీ పని నువ్వు చెయ్యి."

ఆ మాటతో నేను గుమ్మం దాటి లోపలికి వెళ్ళాను. క్లిప్పులు తగిలించి, జెల్లీ రాసి, ఎడమ పక్కటెముకల మీద రబ్బరు బుడ్డీ నొక్కడానికి వంగాను. అప్పుడు ఆయన మొహం అంత దగ్గరగా చూశాను. కుడి బుగ్గ కొంచెం ఉబ్బి ఉంది, ఊపిరి ఏదో తియ్యటి వేరు వాసన వేస్తోంది. పడుకున్న మనిషి నోట్లో ఏదో ఉంది, గొంతుకు అడ్డం పడితే ఎలా అని భయమేసి, నోట్లో ఏముంది మామా, తీసేయండి అన్నాను. ఆయన బడిలో పట్టుబడ్డ పిల్లవాడిలా నా వైపు చూసి, వేలితో బుగ్గలోంచి నానిపోయిన వేరుముక్క ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నారు. అతిమధురం.

"ఇది తిండి కాదమ్మా," అన్నారు. "గొంతు కోసరం పెట్టుకున్నది. ముక్కోటి ఏకాదశికి డాక్టరు ఒక్క పాటకు విడిచిపెడితే గొంతు సిద్ధంగా ఉండాలె కదా."

ఇంట్లో ఉన్నదానివి నీకెందుకు తెలియలేదని మీరు అడగవచ్చు. భజన పాడేవాళ్ళు మార్గళికి ముందునుంచే అతిమధురం చప్పరిస్తారని మా వీధిలో పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. జాలర చేతిలో ఉన్నట్టే అది నోట్లో ఉంటుంది, దాన్ని ఎవరూ తిండి కింద లెక్కపెట్టరు, మందు కింద అంతకన్నా లెక్కపెట్టరు, అది పాటకు చెందినది. రోజూ తెల్లవారి అత్తగారే ముక్కలు కొట్టి, పంచె కొంగున మూట కట్టి ఇచ్చేవారు. డాక్టరుగారు నోట్లోకి పోయేవి చెప్పమన్నప్పుడు ఆవిడకు అది తట్టనే లేదు. పైగా ఆ ఏడు పాట ఆపించాక ఆయన ఇంకా ఎక్కువ చప్పరిస్తున్నారు, పాడకపోతే గొంతు బిగుసుకుపోతుందని బెంగ. లేచింది మొదలు పడుకునేదాకా ఆ రసం లోపలికి దిగుతూనే ఉంది.

నాకూ దాని సంగతి ఏమీ తెలియదు. కాగితాలు అంటించి ఇస్తూ, ఇవాళ కాస్త ఆలస్యమైంది సార్, మామ నోట్లో అతిమధురం ఉంటే తీయించి తీశాను అని మామూలుగా చెప్పాను. డాక్టరుగారి చేతిలో డివైడరు ఆగిపోయింది. ఎప్పటినుంచి అని అడిగారు. కార్తీకం మొదలునుంచి అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పక్కగదిలోకి వెళ్ళి, మామగారు పడుకున్న బల్ల పక్కన నిలబడి నవ్వడం మొదలుపెట్టారు. అంత గట్టిగా ఆయన నవ్వడం నేనెన్నడూ వినలేదు. ఆ వేరులో ఉన్న తీపికి ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచి, పొటాషియాన్ని బయటకు తోసేసే గుణం ఉందట. బీపీ లేవడం, కాళ్ళు వాయడం, టానిక్కు పని చేయకపోవడం, గుట్ట చదునైపోవడం, అన్నీ దాని చలవే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఒక ముక్క చప్పరిస్తే ఏమీ కాదు, దెబ్బతిన్న గుండె, దాని మీద నీరు తీసే మాత్ర, దాని మీద రోజంతా ఇది, మూడూ కలిసి ఆయన్ని అంచుకు తెచ్చాయి. పాటది ఏ తప్పూ లేదని డాక్టరుగారు తనంతట తానే రెండుసార్లు చెప్పారు. ఆ మాటకు మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన కన్నీళ్ళు సంతోషానివి, అత్తగారి కన్నీళ్ళు మాత్రం కావు. ఆవిడ ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. తన చేతులతోనే రోజూ కొట్టి మూట కట్టి ఇచ్చాను కదా అని పెరట్లో రోలు పక్కన కూర్చుండిపోయారు. రెండు రోజులు పోయాక డాక్టరుగారు ఆవిణ్ణి రమ్మని పిలిచి, మామగారి ముందే, నా ముందే చెప్పారు, అతిమధురం మంచిదేనమ్మా, నా మాత్రా మంచిదే, అత్తాకోడళ్ళలాగా ఒక వంటింట్లో పడవంతే, అందులో మీ తప్పేముంది అని. అత్తగారు నన్ను చూశారు, నేను నేల చూశాను, ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ రోజు ఇంటికి వచ్చాక ఆవిడ కాఫీ కలిపి మొదటి గ్లాసు నా చేతికిచ్చారు. డాక్టరుగారు ఎంతోమంది ప్రాణాలు నిలిపారు, కానీ ఆ ఒక్క మాటతో మా అత్తగారి మనసు నిలిపినందుకు ఆయనకు నేను ఎక్కువ రుణపడి ఉన్నాను.

సంక్రాంతితో మొదలయ్యే తై నెల వచ్చేసరికి గుట్ట తిరిగి గుట్టలా లేచింది, వెనకున్న పిల్లగుట్ట మాయమైంది, వేళ తప్పిన దెబ్బలు తగ్గిపోయాయి, డివైడరు కాళ్ళు దగ్గరికి వచ్చాయి. పాత గాట్లు మాత్రం నిలువు గీత మీద అలాగే ఉన్నాయి, అవి పోయేవి కావు. మదురై ప్రయాణం ఆగిపోయింది. ఆ తరవాత వచ్చిన మార్గళిలో, చెవులకు మఫ్లరు చుట్టుకుని, బుగ్గలో ఏమీ లేకుండా, మామగారు మళ్ళీ పాటెత్తుకున్నారు. గొంతు గరగరలాడింది. పైస్థాయిలో విరిగింది. ఆయన శ్రుతి కొంచెం దించుకున్నారు, గోష్ఠి మొత్తం ఆయనతోపాటు దిగింది. పెద్దాయన గొంతు పాతబడిందని వీధిలో కొందరు చెవులు కొరుక్కున్నారు. నేనూ అత్తగారూ గుమ్మంలో పక్కపక్కన నిలబడి విన్నాం. ఆ విరిగిన గొంతు కన్న తియ్యటి గొంతు నేను అంతకు ముందూ వినలేదు, ఆ తరవాతా వినలేదు.

అప్పటినుంచి ఆయన ఈసీజీ నేనే తీయాలని పట్టుబట్టేవారు. బల్ల మీద పడుకునే ముందు నోరు బారెడు తెరిచి, నాలుక ఎత్తి, కుడి బుగ్గా ఎడమ బుగ్గా వేలితో లాగి చూపించేవారు. నేను చూసి తల ఊపితేనే పడుకునేవారు. మొదట్లో అది నన్ను ఆటపట్టించడం, పోనుపోను మా ఇద్దరికీ అలవాటైపోయింది. తీసిన కాగితం తనకూ చూపించమనేవారు. వేళ తప్పిన దెబ్బ ఎక్కడైనా ఒకటి కనిపిస్తే, తాళం పట్టే మనిషి గనక ఆయనకు చప్పున అర్థమయ్యేది, ఇక్కడ జాలర ముందు పడింది కదా అని వేలు పెట్టి చూపేవారు. ఇంట్లో మాత్రం గుమ్మం దగ్గర దగ్గడం మానలేదు. కానీ దగ్గాక నేరుగా నన్నే పిలిచి కాఫీ అడిగేవారు.

తమిళ అక్షరాల్లో ఉన్న ఆ పాటల్ని తెలుగులోకి ఎక్కించాలని ఆయనకు కోరిక. చూపు ఆనడం లేదని, నాకు అక్షరాలు నేర్పి నాచేత రాయించారు. సాయంత్రాలు వాకిట్లో ఆయన కుర్చీలో, నేను మెట్టు మీద. నా 'క' ఈసీజీలాగా వంకర్లు పోతోందని వెక్కిరించేవారు. మీరు చదువుతున్న ఈ అక్షరాలు ఆయన పెట్టినవే.

ఆ తరవాత ఆయన చాలా ఏళ్ళు బతికారు, మనవల పెళ్ళిళ్ళు చూశారు. ఎప్పుడూ లయ తప్పి కూలిపోలేదు. పండిన వయసులో, తోటలో కాయలు దిగుతున్న రోజుల్లో, మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి లేవలేదు. డాక్టరుగారు అప్పటికే నడవలేని స్థితిలో ఉండి, మిషను నాతో పంపించారు. ఆ ఒక్కసారే నేను మామగారి గుండెను ఇంట్లో, ఆయన మంచం మీద చూశాను. గీత తిన్నగా ఉంది. గాట్లు కూడా లేవు. కాగితం ఎంతసేపు నడిపించానో, మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపేదాకా నడిపించాను. తల ఎత్తి చూస్తే మామగారి నోరు కొంచెం తెరుచుకునే ఉంది. అలవాటు చొప్పున లోపలికి చూశాను. ఏమీ లేదు. అలవాటు చొప్పున తల కూడా ఊపాను.

అప్పటిదాకా మంచం పట్టె పట్టుకుని కూర్చున్న అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళి, పోపులపెట్టె తెచ్చి, ఆవాలకూ మెంతులకూ అడుగున కాగితంలో చుట్టి ఉంచిన చిన్న వేరుముక్క ఒకటి తీశారు. అన్నేళ్ళూ అది ఆ పెట్టెలో ఉందని నాకు తెలియదు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఆయన దగ్గరికి వెళ్ళకుండా, నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఇప్పుడు పెట్టొచ్చునా అమ్మా?" అన్నారు.

పెట్టండి అత్తా అన్నాను. ఆవిడ కుడి బుగ్గలో పెట్టి, గడ్డం కింద చెయ్యి ఆనించి నోరు మూశారు. చావడి వాళ్ళు వచ్చి పాటెత్తుకునేసరికి ఆయన సిద్ధంగా ఉన్నారు.

ఆ డాక్టరుగారూ పోయారు, అత్తగారూ పోయారు. భజన ఇప్పటికీ ఉంది, వ్యాను మీద స్పీకరు పెట్టి తిప్పుతున్నారు, దాని గొంతు ఎన్నటికీ విరగదు. మిషన్లు ఎంత బాగుపడ్డాయో మొన్న నా ఒంటి మీదే చూశాను. రబ్బరు బుడ్డీలు లేవు, మచ్చలు పడవు, స్టిక్కర్లు అంటించి మీట నొక్కితే పన్నెండు గీతలూ ఒకే కాగితం మీద పడతాయి, మేము డివైడరుతో తంటాలు పడి కొలిచిన ఆ దూరాన్ని అదే కొలిచి పైన అంకె వేసి ఇస్తుంది. నాది సరిగానే ఉంది, తలకిందులుగా చదివినా తెలిసింది. అలాంటి మిషను ఆనాడు ఉంటే ఎందరో బతికేవారు, దాన్ని కాదనను. ఆ అమ్మాయినీ తప్పు పట్టను, బయట బెంచీల నిండా జనం ఉన్నారు, ఆమెకు వంగి చూసే తీరిక ఏది? ఆరు నెలలు పోయాక మళ్ళీ రమ్మంది. వెళ్తాను. బల్ల మీద పడుకోగానే ఈ పాడు నోరు మళ్ళీ తెరుచుకుంటుందని కూడా తెలుసు. ఈసారైనా ఆ పిల్ల, ఎందుకు పాటీ అలా చూపిస్తారు అని అడిగితే బాగుండును.